పాటలతో పెళ్లిళ్లు ఆగుతాయా?

పాలమూరు వైపు నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ ప్రైవేటు బడిలో టీచరు. సొంతంగా పాట రాసి, బాణీ కట్టి, తనే పాడతారు. పదో తరగతి కాగానే ఆడపిల్లల చదువు మాన్పించడం గురించి, పద్దెనిమిది నిండకుండా చేసే పెళ్లిళ్ల గురించి నాలుగు పాటలు యూట్యూబ్‌లో పెట్టారు. వాటిలో ఒకటి బాగా తిరిగింది. అయినా వాళ్ల ఊళ్లోనే, ఆ పాటను ఫోన్లో పెట్టుకుని విన్న ఇంట్లోనే, పదో తరగతి పిల్లకు పెళ్లి చేసేశారట. "గద్దర్ లాంటి వాళ్ల కాలం వేరు, ఇప్పుడు పాటతో ఏమైనా మారుతుందా? ఉద్యోగం మానేసి పూర్తిగా దీంట్లోకి దిగితేనే ఫలితం ఉంటుందా?" అని అడిగారు. ఎన్నికల పాట రాయమని ఒక పార్టీ వాళ్లు వచ్చిన సంగతి కూడా రాశారు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తానమ్మా, అర్జెంటుది అదే. ఉద్యోగం మానకండి. మనకు పాటలిచ్చిన పెద్దవాళ్లలో చాలామంది నెల జీతం మీదే మొదలుపెట్టారు. గద్దర్ కెనరా బ్యాంకులో గుమస్తా, వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు, గూడ అంజయ్య ఫార్మసిస్టు, గోరటి వెంకన్న సహకార శాఖ ఉద్యోగి. జీతం ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంటుంది, నచ్చని పాట రాయమంటే రాయనని చెప్పొచ్చు. అటువైపు గరిమెళ్ల సత్యనారాయణ గారిని చూడండి. 'మాకొద్దీ తెల్లదొరతనము' అని రాసి జైలుకు వెళ్లొచ్చారు, ఆంధ్రదేశమంతా ఆ పాట పాడింది, ఆయన మాత్రం 1952లో మద్రాసులో కటిక పేదరికంలో పోయారు. పాట ఊరంతా పాడుకుంటోంది కదా అని ఇంట్లోకి బియ్యం ఎవరూ తెచ్చివ్వరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ నాలుగు పాటలూ విన్నాను. గొంతు బాగుంది, రెండో పాటలో బస్‌పాస్ గురించి రాసిన చరణం చాలా బాగుంది. మొహమాటం లేకుండా చెప్పాలంటే మీవన్నీ కూర్చుని వినే పాటలు. ఆ ఇంటి తల్లి మీ పాట విన్నది, కళ్లు తుడుచుకునే ఉంటుంది, ఆ తర్వాత పెళ్లి చేసింది. ఇందులో వింతేమీ లేదు. ఆమె భయాలేమిటో ఒకసారి ఆలోచించండి. ఇంటర్ చదవాలంటే మండల కేంద్రానికి వెళ్లాలి, సాయంత్రం బస్సు వస్తుందో రాదో తెలియదు. భార్యాభర్తలు ఇద్దరూ వలస పోతే ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియదు. వయసు పెరిగేకొద్దీ కట్నం పెరుగుతుంది. ఎవరో ఒక కుర్రాడి పేరు పిల్ల పేరుతో కలిపి అరుగు మీద ఒక మాట అంటే చాలు, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. మీ పాట వీటిలో ఒక్క భయాన్నయినా ముట్టుకుందా? "ఓ సమాజమా మేలుకో" అంది. సమాజం అనే పేరుగల మనిషి ఆ ఊళ్లో ఎవరూ లేరు కదమ్మా, మరి ఎవరు మేలుకోవాలి?

గద్దర్ కాలం వేరన్నారు, నిజమే, చాలా వేరు. కానీ గద్దర్ అనగానే మనకు గొంగడి, కర్ర, కాలికి గజ్జెలు, ఒంటరిగా నిలబడ్డ ఒక మనిషి కనిపిస్తాడు. అది ఫోటోల వల్ల వచ్చిన చిక్కు. ఆయన వెనక 1972 నుంచీ జన నాట్య మండలి అనే దళం ఉంది. డప్పు, డోలక్, వంత పాడే గొంతులు, ఊరూరా పాట నేర్పే శిక్షణలు, చిన్న చిన్న పాటల పుస్తకాలు, తర్వాత క్యాసెట్లు, ఇంత యంత్రాంగం ఉంది. వేదిక మీద కూడా పాటను ఏకబిగిన పాడేవారు కాదు. ఒక చరణం అయ్యాక ఆగి మాట్లాడటం, జనాన్ని ఏదో అడగడం, వాళ్లు అరిచి జవాబు చెప్పాక మళ్లీ పల్లవి అందుకోవడం, మధ్యలో అడుగులు. మాట, పాట, ఆట అని ఆ దళం వాళ్లు అనేది దీన్నే. బాణీలు కూడా చాలావరకు జనం నోట అప్పటికే ఉన్నవి. నాట్ల పాటలు, జోలపాటలు, యక్షగానాల వరసలు. బాణీ కొత్తది, మాటలు కొత్తవి, విషయమూ కొత్తది అయితే వినేవాళ్ల మీద మూడు బరువులు పెట్టినట్టు. వాళ్లు మాటలొక్కటే కొత్తగా ఇచ్చారు.

1990లో, అయిదేళ్ల అజ్ఞాతం తర్వాత ఆయన నిజాం కాలేజీ మైదానంలో పాడితే లక్షల్లో జనం వచ్చారు. ఆ జనంలో చాలామంది ఆ పాటల్ని మొదటిసారి వినడానికి రాలేదు. ఊళ్లలో అప్పటికే పాడుకుంటున్నవాళ్లు వచ్చారు. ఆయన రాజకీయాలన్నిటితో మీరు ఏకీభవించాలని నేననడం లేదు, నాకే కొన్నింటి మీద గట్టి పేచీ ఉంది, ఆయన కూడా చివరికి చాలా మారారు, 2018లో మొదటిసారి ఓటు వేశారు. పాట ఎలా నడిపించాలో నేర్చుకోవడానికి ఆ పేచీ అడ్డం కాదు.

ఇంకో ఉదాహరణ, ఇది నాకు దగ్గరిది. నెల్లూరు జిల్లాలో తొంభైల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు నేను కుర్ర టీచర్ని, కళాజాతాల్లో తిరిగినవాణ్ణి. సాయంత్రం ఊళ్లోకి వెళ్లి రచ్చబండ దగ్గర ఒక చిన్న నాటిక, నాలుగైదు పాటలు. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రిబడిలో లాంతరు వెలుతురులో చదువుకునేవాళ్లు. వాళ్ల వాచకంలో ఒక ఊరి ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించిన పాఠం ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, మనమెందుకు చేయలేమని తమ ఊళ్లో సారా ఆపించారు. 1992 కల్లా జిల్లా అంతా పాకింది, సారా వేలం పాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డం పడ్డారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఇందులో పాట వాటా ఎంత అని నన్ను చాలామంది అడిగారు. నేను చూసినంతలో చెప్తాను. మేం పాడిన పాటలు విని ఎవరూ సారా కొట్టు మీదికి వెళ్లలేదు. మేం వెళ్లిపోయాక ఆ ఆడవాళ్లు వాటిని తమ యాసలోకి తిప్పుకుని, మొగుళ్ల గురించి మేం రాయడానికి భయపడే చరణాలు కూడా కలిపి, గుంపుగా పాడటం మొదలుపెట్టారు చూడండి, పని అక్కడ జరిగింది. మీటింగులో నోరు విప్పి ఒక్క మాట అనని మనిషి పదిమందితో కలిసి వంత పాడుతుంది. నాలుగు రోజులు పాడాక ఒక చరణం ఒక్కతే ఎత్తుకుంటుంది. ఆ తర్వాత తాసిల్దారు ముందు మాట్లాడటం ఆమెకు పెద్ద సంగతి కాదు. సాధికారత అని పెద్ద మాట వాడతారు గానీ, నేను కళ్లతో చూసింది ఇదే.

అన్నట్టు 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. అప్పటికి రాత్రిబడులు చాలాచోట్ల మూతపడ్డాయి, కలిసి కూర్చునే చోటు పోయింది, పాడటానికి గుంపే లేదు. కాబట్టి పాట ఒక్కటే ఏదో చేసేస్తుందని నేను మీకు ఆశ పెట్టడం లేదు.

అందుకని మీకు నా సలహా ఏమిటంటే, అయిదో పాట మీరు రాయకండి. మీ బడిలో తొమ్మిది, పది చదివే ఆడపిల్లలున్నారు కదా, వాళ్లతో రాయించండి. ఎలాగో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే "పిల్లలతో రాయించండి" అనడం తేలిక, కూర్చోబెడితే అందరూ పుస్తకాల భాషలో "బాల్యవివాహాలు సామాజిక దురాచారం" అని రాసి ఇస్తారు.

మొదటి రోజు కాగితం పెన్ను తీయనివ్వకండి. వాళ్లకు వచ్చిన పాటలు పాడించండి. మీ వైపు బతుకమ్మ పాటలు వస్తాయి, అమ్మమ్మల దగ్గర విన్న దంపుళ్ల పాటలు ఒకటో రెండో ఉంటాయి, సినిమా పాటలూ వస్తాయి, ఏదైనా సరే. అందరికీ వచ్చిన వరస ఒకటి పట్టుకోండి. ఉయ్యాలో అని వంత వచ్చే వరస అయితే ఇంకా మంచిది, చరణం పాడేవాళ్లు తర్వాతి మాట వెతుక్కోవడానికి ఆ వంత సమయం ఇస్తుంది. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగండి. పెళ్లి మాట వచ్చినప్పుడు ఇంట్లో ఎవరు ఏమంటారు? నాయనమ్మ ఏమంది, మేనత్త ఏమంది, నాన్న ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయాడా. వాళ్లు చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకోండి. చరణాలు అవే. మీరు చేయాల్సింది మాటను వరసలో కూర్చడం, అంతే. "నీ ఈడుకు నేను ఇద్దరు పిల్లల తల్లిని" అని ఏ నాయనమ్మో అని ఉంటుంది, దానికి ఆ పిల్ల ఏం జవాబు చెప్పాలనుకుని చెప్పలేకపోయిందో అది తర్వాతి పాదం అవుతుంది. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. ఇలా వచ్చిన పాటను ఆ నాయనమ్మ కూడా నవ్వుకుంటూ వింటుంది, తన మాట అందులో ఉంది కాబట్టి.

స్వరాల గురించి ఒక మాట. మీ రికార్డింగులన్నీ పై శ్రుతిలో ఉన్నాయి, స్టూడియోలో బాగుంటుంది. చేనులో పనిచేసి వచ్చిన మనిషి అంత ఎత్తు అందుకోలేదు, ప్రయత్నించి గొంతు జీరపోతే సిగ్గుపడి ఆపేస్తుంది, ఇక మళ్లీ నోరు తెరవదు. శ్రుతి దించండి. బాణీ అయిదారు స్వరాలు దాటకూడదు, పాదం ఒక్క ఊపిరిలో అయిపోవాలి, పల్లవి రెండోసారికే నోటికి రావాలి. గమకాలు మీ సంతోషానికి ఇంకెక్కడైనా వేసుకోండి. డప్పు వాయించేవాళ్లు ఊళ్లో ఉంటే పిలవండి, పిలిస్తే డబ్బులు ఇవ్వండి. సామాజిక పాట కదా అని ఊరికే వాయించమనడం నాకు మహా చిరాకు, మార్పు గురించి పాడుతూ డప్పు కళాకారుడికి టీ ఇచ్చి పంపించేవాళ్లను చాలామందిని చూశాను.

చివరి చరణం ఖాళీ వదలండి. నిజంగానే ఖాళీ, ఎక్కడ పాడితే అక్కడివాళ్లు పూరించేలా. అమెరికా నల్లజాతివాళ్ల పౌరహక్కుల పోరాటంలో పాడిన 'వి షల్ ఓవర్‌కమ్' పాట మనకు హిందీలో 'హమ్ హోంగే కామ్‌యాబ్' అని బడి రోజుల నుంచీ తెలుసు. ఆ పాటను ఒక్క మనిషి కూర్చుని రాయలేదు. 1945లో చార్లెస్టన్‌లో సమ్మె చేసిన పొగాకు కార్మికులు పాడారు, వాళ్ల నుంచి టెనెసీలోని హైలాండర్ అనే శిక్షణ కేంద్రానికి చేరింది, అక్కడికి వచ్చిపోయేవాళ్లు మాటలు మార్చారు, వేగం మార్చారు. 1959లో ఆ కేంద్రం మీద పోలీసులు దాడి చేసి చీకట్లో సోదా చేస్తుంటే, అక్కడున్న పిల్లలు మేం భయపడం అనే అర్థం వచ్చే చరణం అప్పటికప్పుడు కలిపి పాడారు. ఆ చరణం ఇప్పటికీ పాటలో ఉంది. కలపడానికి పాటలో చోటు ఉంది కాబట్టి కలిసింది. మీ పాటల్లో అంత చోటు లేదు, ప్రాసలతో గట్టిగా బిగించేశారు, ఇంకొకరు వేలు పెట్టే సందు లేదు.

పాటలో పనికొచ్చే సమాచారం కూడా ఒకటి ఉండాలి. 1098 అనే నంబరు మీ నాలుగు పాటల్లో ఎక్కడా లేదు. పిల్లల హెల్ప్‌లైన్ అది, పెళ్లి ముహూర్తానికి ముందు ఫోన్ చేస్తే అధికారులు వచ్చి ఆపించిన సందర్భాలు బోలెడు. పది–తొమ్మిది–ఎనిమిది అని దరువు మీద చక్కగా కూర్చుంటుంది, పిల్లలకు వదిలేయండి, వాళ్లే ఆటపాటగా చేస్తారు. అలాగే ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి డబ్బు రావాలంటే పిల్లకు పద్దెనిమిది నిండాలన్న సంగతి. డబ్బు మాట పాటలో పెడితే కవిత్వం చెడిపోతుందని అనుకోకండి, ఆ ఇంట్లో రాత్రిళ్లు మాట్లాడుకునేది దాని గురించే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా పాటించండి. ఆ పెళ్లయిన పిల్ల పేరు, ఇంటిపేరు, ఊరు, ఫోటో ఏదీ పాటలో గానీ వీడియోలో గానీ రాకూడదు. బాధిత పిల్లల వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నేరం, అది పక్కన పెట్టినా, ఆ పిల్ల ఆ ఊళ్లోనే బతకాలి.

సొంత పేరు గురించి కూడా మీకు బెంగ ఉన్నట్టుంది, ఎవరో మీ పాట ఎత్తి తమ ఛానెల్‌లో పెట్టుకున్నారని రాశారు. 'బండెనక బండి గట్టి' పాట గద్దర్ రాశారని నూటికి తొంభై మంది అనుకుంటారు, 1979లో తీసిన 'మాభూమి' సినిమాలో ఆయన పాడారు కాబట్టి. రాసింది బండి యాదగిరి, నిజాం మీద సాయుధ పోరాటం రోజుల్లో. ముప్పై ఏళ్ల తర్వాత కూడా జనం నోట ఉంది కాబట్టే సినిమాలోకి వచ్చింది, ఆ క్రమంలో రాసినవాడి పేరు జారిపోయింది. ఇది అన్యాయమే, సరిచేయాల్సిందే. అందుకని ప్రతి వీడియో కింద రాసిన పేరు, తేదీ, బాణీ ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు పెట్టండి, మీ పేరు ఎంత ముఖ్యమో వాళ్ల పేరూ అంతే. పాట మీద హక్కు రాసినవాళ్లకు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. డబ్బు చేసుకునే ఛానెల్ ఎత్తుకుంటే ఫిర్యాదు పెట్టండి. పక్క ఊరి పిల్లలు ఎత్తుకుంటే పండగ చేసుకోండి.

పార్టీ వాళ్ల పాట విషయంలో నా మాట ఒకటే, మీరు ఆ పార్టీకి నిజంగా ఓటేసేవాళ్లయితే రాయండి, లేకపోతే వద్దు. డబ్బు బాగానే ఇస్తారు, కాదనను. కానీ రేపు మీరు ఒక ఇంటికి వెళ్లి పెళ్లి వద్దంటే, ఆ ఇల్లు అవతలి పార్టీది అయితే గుమ్మంలోనే ఆపేస్తారు. ప్రభుత్వ పథకాల పాటలు వేరే సంగతి. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ కింద వందల మంది కళాకారులకు ఉద్యోగాలొచ్చాయి, దాన్ని తేలిగ్గా మాట్లాడేవాళ్లతో నాకు పడదు, ఆకలి తెలిసిన కళాకారులు వాళ్లు. అయితే ఉద్యమంలో నిలదీసిన గొంతే పథకాల గొప్పలు పాడాల్సి వచ్చినప్పుడు జనం తేడా పసిగట్టారు, అదీ నిజమే.

భయం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. గద్దర్ మీద 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులు జరిపారు, ఒక తూటా 2023లో ఆయన పోయేదాకా ఒంట్లోనే ఉంది. భువనగిరి బెల్లి లలితను 1999లో చంపి శరీరాన్ని ముక్కలు చేశారు, తెలంగాణ కోసం పాడిన కార్మికురాలామె. మీ పాటలకు అలాంటిది ఎదురవుతుందని నేననడం లేదు, అక్కర్లేని టెన్షన్ పెట్టుకోకండి. మీకు వచ్చేది వేరే రకం. పెళ్లి ఆగిపోయిన ఇంటివాళ్లు మీ నడవడి గురించి మాట్లాడతారు, బడి యాజమాన్యానికి ఫోన్ చేస్తారు. ఒంటరిగా ఏ ఇంటికీ వెళ్లకండి. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, మహిళా సంఘం లీడరు, వీళ్లలో ఇద్దరైనా పక్కన ఉండాలి. మైకు పెడితే ముందే అనుమతి తీసుకోండి, రాత్రి పది దాటితే ఆపేయండి, ఆపించడానికి సాకు వెతికేవాడికి మనమే సాకు ఇవ్వకూడదు.

లైకులు, వ్యూలు చూసుకోవడం తప్పేం కాదు, నేనూ చూస్తాను. కానీ లెక్క చూడాల్సింది ఇంకోటి. ఆరు నెలల తర్వాత మీరు లేని చోట, మీకు చెప్పకుండా, మాటలు కాస్త మార్చి మీ పాటను ఎవరైనా పాడుతున్నారా? ఆ పాడినవాళ్లలో పదో తరగతి దాటి ఇంటర్‌లో చేరినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్కరున్నా మీరు అడిగినదానికి జవాబు ఉన్నట్టే. ఎవరూ లేకపోతే బాణీ కష్టంగా ఉందో, మాట అతకలేదో చూసుకుని మార్చండి, పాట మార్చడం పరువు తక్కువ పనేం కాదు.

ముందు ఆ రెండో పాట తీయండి. బస్‌పాస్ చరణాన్ని పల్లవిగా పైకి తెండి, "ఓ సమాజమా" ఉన్న చోట "ఓ మేనత్తా" అని పెట్టి చూడండి, వరస సరిపోతుంది, నేను పాడి చూశాను. మీ క్లాసు పిల్లలు పాడగా ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. స్టూడియోకు వెళ్లొద్దు, మధ్యలో పిల్లలు నవ్వినా కోయొద్దు. డప్పు కుదరకపోతే బల్ల మీద చప్పుడు చాలు.